చార్మినార్ రూపాయి గుమ్మంలో అక్షరం: చిన్న వస్తువులను దగ్గరగా ఫొటో తీయడం ఎలా

మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలో అడుగున ఒక గుడ్డసంచి ఉండేది. అందులో నాలుగు కాసులు, ఒక చిల్లు కానీ, ఒక హాలీ సిక్కా (నిజాం రాజ్యపు నాణెం) వెండి రూపాయి. ఆ రూపాయి మీద చార్మినార్ బొమ్మ ఉంటుంది. నిజాం కాలంలో మీర్ మహబూబ్ అలీ ఖాన్, ఆయన తర్వాత మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇద్దరూ చార్మినార్ బొమ్మతో నాణేలు వేయించారు. ఏది ఎవరిదో చెప్పే గుర్తు చార్మినార్ గుమ్మంలోనే ఉంటుంది. మహబూబ్ అలీ నాణెమైతే 'మీమ్' అనే అరబీ అక్షరం, ఉస్మాన్ అలీ నాణెమైతే 'ఐన్' అనే అక్షరం.

అక్షరం మిల్లీమీటర్లలో ఉంటుంది. మా రూపాయి చేతులు మారీ మారీ అరిగిపోయింది. కంటికి ఆనదు. ఫోనుతో తీస్తే నాణెం తెల్లగా వెలిగిపోయి గుమ్మం మొత్తం ఒక మచ్చలా వచ్చింది. కెమెరా తెచ్చి, ఖరీదైన లెన్స్ అరువు తెచ్చుకుని తీసినా అదే మచ్చ, కాకపోతే కాస్త పెద్దదిగా. చివరికి ఆ అక్షరం ఎప్పుడు కనిపించిందంటే, టేబుల్ ల్యాంపును పక్కకి వంచి, వెలుగు నాణెం మీదుగా జారేలా పెట్టినప్పుడు. అది మీమ్.

ఆ రోజు అర్థమైన విషయం మీదే ఈ మార్గదర్శి మొత్తం నడుస్తుంది. చిన్న వస్తువును దగ్గరగా తీసేటప్పుడు వివరాన్ని చూపించేది ముందు వెలుగు, తర్వాత కదలకుండా ఉండటం, ఆ తర్వాతే లెన్స్. నేను నాణేన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఇదే పద్ధతి తపాలా బిళ్లలకు, నగలకు, గింజలకు, గడియారం లోపలి చక్రాలకు కూడా పనికొస్తుంది. తేడా ఉన్న చోట విడిగా చెబుతాను.

ముందు ఒక మాట: కడగవద్దు

ఫొటో అనగానే చాలామంది చేసే మొదటి పని నాణేన్ని చింతపండుతోనో, నిమ్మచెక్కతోనో, ఇత్తడి సామాను తోమే పొడితోనో తళతళలాడించడం. దయచేసి ఆ పని చేయకండి. వందేళ్లుగా లోహం మీద పట్టిన ఆ నల్లటి పొర నాణెం వయసుకు సాక్ష్యం. సేకరించేవాళ్లు తోమిన నాణేన్ని చూడగానే గుర్తుపడతారు, దాని విలువ అక్కడికక్కడే పడిపోతుంది. ఫొటోకి కూడా నష్టమే. తోమినప్పుడు పడే సన్నటి గీతలు దగ్గరగా తీసినప్పుడు దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. పైగా అక్షరాల మూలల్లో నిలిచిన నలుపే అక్షరానికి గీత గీసినట్టు ఉపయోగపడుతుంది. దాన్ని తీసేస్తే అక్షరం నేపథ్యంలో కలిసిపోతుంది.

దుమ్ము మాత్రం పోవాలి. లెన్స్ శుభ్రం చేసే రబ్బరు బుడ్డితో గాలి కొట్టండి. నోటితో ఊదితే ఉమ్మి తుంపరలు పడి, తర్వాత మచ్చలవుతాయి. నాణేన్ని అంచులు పట్టుకునే ఎత్తండి, బొమ్మ మీద వేలు పెట్టకండి. కింద ఒక మెత్తటి తువ్వాలు పరుచుకుని పనిచేస్తే చెయ్యి జారినా భయం లేదు.

ఎంత పెద్దదిగా కావాలో లెక్క వేసుకోవడం

లెన్స్ కొనే ముందు పది నిమిషాలు ఈ లెక్క చేసుకుంటే డబ్బు మిగులుతుంది.

కెమెరా లోపల వెలుగును బొమ్మగా పట్టే సెన్సర్ అనే పలక ఉంటుంది కదా, వస్తువు ప్రతిబింబం దాని మీద ఎంత పరిమాణంలో పడుతుందన్నదే మాగ్నిఫికేషన్. 30 మిల్లీమీటర్ల నాణెం సెన్సర్ మీద 30 మిల్లీమీటర్లుగానే పడితే 1:1. 15 మిల్లీమీటర్లుగా పడితే 1:2. మ్యాక్రో లెన్స్ అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం 1:1 దాకా వెళ్తాయి. నికాన్ వాళ్లు అదే లెన్స్‌ను మైక్రో అని పిలుస్తారు, రెండూ ఒకటే.

ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 × 24 మిల్లీమీటర్లు. సాధారణ డీఎస్ఎల్ఆర్‌లలోనూ చాలా మిర్రర్‌లెస్ కెమెరాలలోనూ ఉండే ఏపీఎస్-సీ సెన్సర్ సుమారు 23.5 × 15.6. చార్మినార్ రూపాయి దాదాపు 30 మిల్లీమీటర్లు. ఏపీఎస్-సీ మీద ఆ రూపాయి ఫ్రేమ్ నిండా రావాలంటే 1:2 సరిపోతుంది. ఇప్పుడు మన జేబులో ఉండే పది రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్లు, దానికీ అంతే.

అసలు ఫ్రేమ్ నిండా రావాలా అన్నది తర్వాతి ప్రశ్న. కెమెరాతో పాటు వచ్చే 18-55 మిల్లీమీటర్ల కిట్ లెన్స్‌లు చాలావరకు 0.3 మాగ్నిఫికేషన్ దగ్గరకు వెళ్లగలవు. అంటే రూపాయి సెన్సర్ మీద 9 మిల్లీమీటర్లుగా పడుతుంది. 24 మెగాపిక్సెల్ కెమెరా అయితే నిలువున 4000 పిక్సెళ్లు, అందులో నాణేనికి దక్కేవి 2300 పైనే. కంప్యూటర్ తెర మీద చూపించడానికి అది ఎక్కువే. కాబట్టి నాణెం మొత్తం కనబడితే చాలనుకునేవాళ్లు కొత్త లెన్స్ కొనే ముందు ఉన్న కిట్ లెన్స్‌ను 55 దగ్గర పెట్టి, ఫోకస్ అందినంత దగ్గరకు వెళ్లి చూడండి. గుమ్మంలో ఒక్క అక్షరమే ఫ్రేమ్ నిండా కావాలంటే మాత్రం 1:1 కూడా చాలదు.

ఏ సామాను, ఎంతలో

చిన్న కాంపాక్ట్ కెమెరా ఉంటే దాని మీద పువ్వు గుర్తు ఉంటుంది. అది నొక్కితే బాగా దగ్గరి వస్తువులకు ఫోకస్ అవుతుంది, కొన్నింటిలో సెంటీమీటర్ దూరంలోకి కూడా వెళ్లవచ్చు. చిక్కేమిటంటే, అంత దగ్గరకు వెళ్లే శక్తి జూమ్ పూర్తిగా వెనక్కి ఉన్నప్పుడే వస్తుంది. అప్పుడు కెమెరా తన నీడను తానే నాణెం మీద వేస్తుంది, గుండ్రటి నాణెం మధ్యలో ఉబ్బినట్టు వస్తుంది. కొద్దిగా జూమ్ చేసి, కొద్దిగా దూరం జరగండి. ఫోన్లలోని మ్యాక్రో మోడ్‌కీ ఇదే ఇబ్బంది.

లెన్స్ మార్చుకోగల కెమెరా ఉన్నవాళ్లకు తక్కువ ఖర్చు దారులు మూడు.

క్లోజప్ ఫిల్టర్ లెన్స్ ముందు బిగించే అద్దం, చత్వారం కళ్లజోడు లాంటిదే. +1, +2, +4 అని నంబర్లు ఉంటాయి. లెన్స్ అనంత దూరానికి ఫోకస్ అయి ఉండగా +4 పెడితే 25 సెంటీమీటర్ల దూరంలో వస్తువు స్పష్టంగా వస్తుంది. లెన్స్ ఫోకల్ లెంగ్త్ (లెన్స్ మీద రాసి ఉండే మిల్లీమీటర్ల సంఖ్య) ఎంత ఎక్కువైతే ఇది అంత బాగా పనిచేస్తుంది. 200 మిల్లీమీటర్ల జూమ్ మీద +4 పెడితే 0.8 వస్తుంది, 50 మీద పెడితే 0.2 మాత్రమే. చవక రకం ఒకే పలకతో ఉంటుంది, అంచుల్లో రంగులు చీలుతాయి. రెండు పలకలు అతికించి చేసిన రకం దొరికితే అదే కొనండి.

ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ లోపల ఏమీ లేని గొట్టం. కెమెరాకీ లెన్స్‌కీ మధ్య బిగిస్తారు. 50 మిల్లీమీటర్ల లెన్స్ వెనక 25 మిల్లీమీటర్ల ట్యూబ్ పెడితే 1:2, 50 మిల్లీమీటర్లు పెడితే 1:1. అందులో గాజు లేదు కాబట్టి గాజు వల్ల వచ్చే కొత్త లోపం ఉండదు. కొనేటప్పుడు లోపల విద్యుత్ కాంటాక్టులు ఉన్న రకం చూసుకోండి, లేకపోతే అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) కెమెరా మాట వినదు. నన్నడిగితే నాణేల కోసం మొదలుపెట్టేవాళ్లకు ఒక పాత 50 లెన్స్, ఒక ట్యూబ్ సెట్ కంటే మంచి బేరం లేదు.

మూడోది రివర్స్ రింగ్. లెన్స్‌ను తిప్పి వెనకభాగం బయటికి వచ్చేలా బిగించడం. వివరం అద్భుతంగా వస్తుంది, ముఖ్యంగా 28 లేదా 18 లాంటి వెడల్పు లెన్స్‌లను తిప్పినప్పుడు. కానీ ఆటోఫోకస్ పోతుంది, లెన్స్ వెనక అద్దం దుమ్ముకీ గోటికీ దొరుకుతుంది. అపెర్చర్ రింగ్ ఉన్న పాత లెన్స్ అయితేనే ఈ దారి పట్టండి.

అసలు మ్యాక్రో లెన్స్ కొనేవాళ్లు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. 40, 60, 100 మూడూ 1:1 ఇస్తాయి. తేడా లెన్స్ మూతికీ వస్తువుకీ మధ్య మిగిలే జాగాలో ఉంది. 40 అయితే నాలుగు వేళ్లు కూడా దూరవు, ల్యాంపు వెలుగు లోపలికి రాదు. 100 ఖరీదు ఎక్కువే గానీ మధ్యలో గాజు పలక కూడా పెట్టుకునేంత చోటు ఉంటుంది. ఆ గాజు పలక ఎందుకో కింద చెబుతాను.

కెమెరాను నిలబెట్టడం

చేత్తో పట్టుకుని తీయడం కుదరదు. 1:1 దగ్గర మన శ్వాసకే ఫోకస్ తప్పుతుంది. ట్రైపాడ్ మధ్య కడ్డీని తలకిందులుగా బిగించి కెమెరా కిందికి చూసేలా పెట్టవచ్చు, చాలా ట్రైపాడ్‌లకు ఆ వీలుంది. లేదా పాత ఫొటో ఎన్‌లార్జర్ స్టాండ్ ఎక్కడైనా దొరికితే వదలకండి. నిలువు కడ్డీ మీద పైకీ కిందికీ జరిగే చక్రం ఉంటుంది, ఈ పనికోసమే చేసినట్టుంటుంది.

కెమెరా నాణేనికి సరిగ్గా నిట్టనిలువుగా, వాలు లేకుండా ఉండాలి. ఇది చాదస్తంలా అనిపిస్తుంది గానీ లెక్క చూడండి. 1:2 దగ్గర అపెర్చర్ ఎఫ్8 (ఎఫ్ సంఖ్య పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) పెడితే స్పష్టంగా వచ్చే లోతు దాదాపు 1.9 మిల్లీమీటర్లు. 30 మిల్లీమీటర్ల నాణెం కేవలం 5 డిగ్రీలు వాలితే పై అంచుకీ కింది అంచుకీ మధ్య తేడా 2.6 మిల్లీమీటర్లు. అంటే ఒక అంచు మసకబారక తప్పదు. నాణెం మీద చెక్కడం లోతు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు కాబట్టి, కెమెరా సమాంతరంగా ఉంటే ఒకే ఫొటోలో అంతా స్పష్టంగా వస్తుంది.

సమాంతరంగా ఉందో లేదో చూడటానికి నీటిమట్టం కంటే మంచి ఉపాయం ఉంది. నాణెం పెట్టాల్సిన చోట ఒక చిన్న చదునైన అద్దం పెట్టండి, బొట్టు పెట్టుకునే చేతి అద్దం చాలు. కెమెరా తెరలో లెన్స్ ప్రతిబింబం కనిపిస్తుంది. ఆ గుండ్రం తెర మధ్యలోకి వచ్చేవరకు కెమెరా తల సర్దండి. మధ్యలోకి వచ్చిందంటే కెమెరా అద్దానికి నిట్టనిలువుగా ఉన్నట్టే. అద్దం తీసి నాణెం పెట్టేయండి.

నాణేన్ని నేరుగా గుడ్డ మీద పెట్టకుండా, దానికంటే చిన్నదైన ఒక ఎత్తు మీద పెట్టండి. చెక్కముక్క, రబ్బరు, మాత్రల సీసా మూత, ఏదైనా. నాణెం గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది, కింది గుడ్డ పోగులు మసకలో కలిసిపోతాయి, నీడ దూరంగా పడి ఫ్రేమ్ నుంచి తప్పుకుంటుంది. కిందికి నల్లటి వెల్వెట్ గుడ్డ లేదా ముదురు బూడిదరంగు కాగితం బాగుంటాయి. వెండి నాణేనికి తెల్ల కాగితం నప్పదు, అంచు దొరకదు.

ఫ్యాన్ ఆపేయండి. మేడ మీద గది అయితే ఎవరైనా నడిచినా టేబుల్ అదురుతుంది. మా ఇంట్లో ఈ పని ఎప్పుడూ రాత్రి భోజనాలయ్యాక, అందరూ పడుకున్నాక కింది గదిలో గచ్చు నేల మీద.

వెలుగు

ఇక్కడే ఎక్కువసేపు ఉందాం.

లోహం అద్దం లాంటిది. వెలుగు ఏ కోణంలో వచ్చి పడిందో అదే కోణంలో అవతలికి వెళ్తుందని బళ్లో చదువుకున్నాం. నాణెం చదునైన భాగం నుంచి వెనక్కి వచ్చే వెలుగు లెన్స్‌లోకి వస్తే ఆ భాగం తెల్లగా వస్తుంది, రాకపోతే నల్లగా వస్తుంది. అక్షరాల ఒడ్డులు వేరే కోణంలో ఉంటాయి కాబట్టి వాటి సంగతి వేరు. ల్యాంపును జరపడం అంటే నిజానికి ఏది తెల్లగా, ఏది నల్లగా రావాలో మనం నిర్ణయించడమే. అందుకే కెమెరా మీది ఫ్లాష్‌ను మర్చిపోండి, దాన్ని జరపలేం.

మొదటి అమరిక. రెండు ఎల్ఈడీ టేబుల్ ల్యాంపులు, రెండూ ఒకే రకం బల్బులతో. నాణేన్ని గడియారం ముఖంగా ఊహించుకోండి. ఒక ల్యాంపు పది దగ్గర, ఒకటి రెండు దగ్గర, లెన్స్‌కి వీలైనంత దగ్గరగా, ఎత్తుగా. బల్బు ముందు బటర్ పేపర్ గానీ ట్రేసింగ్ పేపర్ గానీ అడ్డం పెడితే వెలుగు మెత్తబడుతుంది. బల్బు వేడికి తగలకుండా కాస్త ఎడంగా పెట్టండి. మంచి స్థితిలో ఉన్న నాణేలకు పది సార్లలో ఎనిమిది సార్లు ఇదే చాలు.

వెలుగు పైనుంచే రావాలన్నది గట్టి నియమం. ఆరు దగ్గర ల్యాంపు పెట్టి చూడండి, ఉబ్బెత్తుగా ఉన్న చార్మినార్ లోపలికి నొక్కినట్టు కనిపిస్తుంది. సూర్యుడు నెత్తిమీద ఉండటానికి అలవాటుపడిన మన కన్ను, వెలుగు ఎప్పుడూ పైనుంచి వస్తుందనుకుని ఎత్తుపల్లాలను లెక్క కడుతుంది. రాగిరేకుల శాసనాలనూ గుడి రాళ్ల మీది అక్షరాలనూ ఫొటో తీసేవాళ్లు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

రెండో అమరిక అరిగిన నాణేల కోసం, మా మీమ్ అక్షరం కనిపించింది దీనితోనే. ఒకే ల్యాంపు, కాగితం అడ్డం లేకుండా, నాణెం ఉపరితలానికి పదిహేను ఇరవై డిగ్రీల ఎత్తులోనే. సాయంత్రం ఎండ పొలం గట్ల మీద ఏటవాలుగా పడినప్పుడు చిన్న చాలు కూడా నీడ వేసి కనిపిస్తుంది కదా, అదే ఇక్కడా జరుగుతుంది. నాణెం అందంగా రాదు, గీతలన్నీ బయటపడతాయి. కానీ చదవడానికి ఇంతకు మించినది లేదు. ల్యాంపును కదపకుండా నాణేన్నే కొద్దికొద్దిగా తిప్పుతూ తెర చూడండి. ఒక్కో అక్షరం ఒక్కో కోణంలో లేస్తుంది. పన్నెండు ఫొటోలు తీసి పక్కపక్కన పెట్టుకుంటే హిజ్రీ సంవత్సరం అంకెలు కూడా దొరికాయి నాకు.

మూడోది గాజు పలక పద్ధతి. అద్దంలా మెరిసే కొత్త నాణేలకు, నగల మీది చదును పలకలకు ఇది మంత్రంలా పనిచేస్తుంది. ఫొటో ఫ్రేమ్ నుంచి తీసిన పల్చటి గాజు పలకను శుభ్రంగా తుడిచి, నాణేనికీ లెన్స్‌కీ మధ్య 45 డిగ్రీలు ఏటవాలుగా నిలబెట్టండి. రెండు చెక్క దిమ్మెలు, కాస్త టేపు చాలు. అంచులకు ముందే టేపు చుట్టండి, చేతులు తెగుతాయి. ఇప్పుడు ల్యాంపును పక్కనుంచి, గాజు ఎత్తులోనే, నేలకు సమాంతరంగా వెలిగించండి. గాజు ఆ వెలుగులో కొంత భాగాన్ని కిందికి, సూటిగా నాణెం మీదికి పంపుతుంది. నాణెం దాన్ని సూటిగా పైకి పంపుతుంది, అది గాజు గుండా లెన్స్‌లోకి వెళ్తుంది. చదును భాగం మొత్తం ఒకే తీరుగా వెలుగుతుంది, అక్షరాల ఒడ్డులు ముదురు గీతల్లా నిలబడతాయి.

రెండు జాగ్రత్తలు. ల్యాంపుకు ఎదురుగా, గాజుకు అవతలి వైపు నల్లగుడ్డ వేలాడదీయండి, లేకపోతే అటున్న గోడ గాజులో కనబడి ఫొటో పాలిపోతుంది. ల్యాంపు వెలుగు నేరుగా నాణెం మీద పడకుండా చిన్న అట్టముక్క అడ్డం పెట్టండి.

ఈ పనంతా చేసేటప్పుడు గదిలో ట్యూబ్‌లైట్ ఆపి, కిటికీ తెర వేయండి. పగటి వెలుగు నీలం, బల్బు పసుపు. రెండూ కలిస్తే ఏ సెట్టింగ్ పెట్టినా వెండి వెండిలా రాదు.

కెమెరా సెట్టింగులు

మాన్యువల్ మోడ్. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే తీవ్రత) 100. రా ఫార్మాట్, అంటే కెమెరా కుదించని అసలు ఫైలు. అపెర్చర్ ఎఫ్8.

ఎఫ్8 దగ్గర ఎందుకు ఆగాలంటే, దగ్గరగా తీసేటప్పుడు కెమెరా చూపించే సంఖ్య పూర్తి నిజం కాకపోవచ్చు. 1:1 దగ్గర ఎఫ్8 నిజానికి ఎఫ్16 లాగా ప్రవర్తిస్తుంది, ఎఫ్22 పెడితే ఎఫ్44 లాగా. లోతు కోసం ఎఫ్22 పెట్టినవాళ్లకు ఫొటో మొత్తం సమానంగా మెత్తబడి వస్తుంది, వెలుగు సన్నటి రంధ్రంలో చెదిరిపోవడమే దానికి కారణం. లెన్స్ తప్పు కాదు.

షటర్ స్పీడ్ విషయంలో మన కరెంటు గురించి ఒక మాట. మన దేశంలో విద్యుత్ 50 హెర్ట్జ్. చవక ఎల్ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు వెలుగు పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి, కంటికి తెలియదు గానీ ఫొటోలో చారలు పడతాయి. 1/50, 1/25 లేదా అంతకంటే నిదానంగా పెడితే ఆ ఇబ్బంది పోతుంది. స్టాండ్ మీదే ఉంది కాబట్టి 1/10 పెట్టినా ఏమీ కాదు.

ఎక్స్‌పోజర్‌ను కెమెరాకి వదిలేయకండి. నల్లగుడ్డ ఎక్కువ కనిపిస్తే అది చీకటిగా ఉందనుకుని నాణేన్ని తెల్లబారుస్తుంది, తెల్ల కాగితం ఎక్కువ ఉంటే నల్లబారుస్తుంది. ఒక ఫొటో తీసి హిస్టోగ్రామ్ (ఎడమ నలుపు నుంచి కుడి తెలుపు దాకా వెలుగు ఎంత ఉందో చూపే పటం) చూడండి. కుడి అంచుకు గుద్దుకోకుండా, దానికి కొద్దిగా ఇవతల ఆగాలి. తెల్లబారిన చోట్లు మిణుకుమిణుకుమనే సదుపాయం మీ కెమెరాలో ఉంటే పెట్టుకోండి. నాణెం మీద చిన్న మెరుపు మిణుకుమంటే పరవాలేదు, అక్షరం మిణుకుమంటే షటర్ వేగం పెంచాలి.

వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగా వచ్చేలా రంగు సర్దడం) కోసం, నాణెం పెట్టే చోట తెల్ల కాగితం పెట్టి అదే వెలుగులో ఒక ఫొటో తీసి, కెమెరా కస్టమ్ వైట్ బ్యాలెన్స్‌కి దాన్నే చూపించండి. ఆటో మీద వదిలితే రాగి కానీని చూసి ఎక్కువ ఎరుపుందనుకుని దాన్ని బూడిదరంగు వైపు లాగుతుంది.

ఫోకస్, ఆ తర్వాత నొక్కడం

ఆటోఫోకస్ ఆపేయండి. లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద చూస్తూ) బొమ్మను 10 రెట్లు పెద్దది చేసి, చెక్కడంలో అన్నిటికంటే ఎత్తైన భాగం మీద కాకుండా, చదునుకూ ఎత్తుకూ మధ్యలో ఉన్న ఒక అక్షరం అంచు మీద చేత్తో ఫోకస్ చేయండి. లోతు రెండు వైపులా పంచినట్టు ఉంటుంది.

లెన్స్‌లో కదలిక తగ్గించే స్టెబిలైజేషన్ ఉంటే స్టాండ్ మీద ఉన్నప్పుడు ఆపేయడం మంచిది. 2 సెకన్ల టైమర్ పెట్టండి, స్టాండ్ సన్నగా ఉంటే 10 సెకన్లు. డీఎస్ఎల్ఆర్ అయితే లోపలి అద్దం ముందే పైకి లేచే సెట్టింగ్ వాడండి, మిర్రర్‌లెస్ అయితే షటర్ మొదటి తెర ఎలక్ట్రానిక్‌గా ఉండే సెట్టింగ్. నొక్కాక టేబుల్ ముట్టుకోకుండా నిలబడండి. ఫోకస్ వెంట్రుకవాసి అటూ ఇటూ మారుస్తూ మూడు ఫొటోలు తీసి, కంప్యూటర్‌లో మంచిది ఎంచుకోండి. కెమెరా వెనక తెర మీద మూడూ ఒకేలా కనిపిస్తాయి, నమ్మకండి.

బొమ్మ వైపు అయ్యాక బొరుసు వైపు తిప్పేటప్పుడు కెమెరా, ల్యాంపు, సెట్టింగులు ఏవీ మార్చకండి. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టినప్పుడు ఒకే నాణెంలా ఉండాలి.

నగలు: లోతు ఉన్న వస్తువులు

బుట్టకమ్మలను తీయాలంటే నాణెం పద్ధతి సరిపోదు. 25 మిల్లీమీటర్ల లోతున్న వస్తువు 1.9 మిల్లీమీటర్ల స్పష్టతలో ఇమడదు. దీనికి ఫోకస్ స్టాకింగ్ అనే పద్ధతి ఉంది. ముందున్న ముత్యం మీద ఫోకస్ చేసి ఒకటి, అక్కడినుంచి మిల్లీమీటరు లోపలికి జరిపి ఇంకొకటి, అలా వెనకదాకా. ఈ లెక్కన పాతిక ఫొటోలు. ఆ పొరలు ఒకదానిమీద ఒకటి కొంచెం కప్పుకుంటూ ఉండాలి, ఒక్కచోట ఖాళీ వచ్చినా నగ మీద మసక పట్టీ పడుతుంది. కొన్ని కొత్త కెమెరాలు ఫోకస్ బ్రాకెటింగ్ పేరుతో ఈ పని తామే చేస్తాయి. తర్వాత హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్, ఫొటోషాప్ లాంటివి స్పష్టమైన భాగాలను ఏరి ఒకటిగా కలుపుతాయి. ఉచితంగా కావాలంటే హ్యూగిన్‌తో వచ్చే పనిముట్లతో కూడా చేయవచ్చు, కాస్త ఓపిక కావాలి.

దారంతో వేలాడదీస్తే కమ్మ గాలికి తిరుగుతూనే ఉంటుంది, స్టాకింగ్ చెడుతుంది. కింద చిటికెడు మైనం పెట్టి నిలబెట్టండి.

బంగారానికి చుట్టూ తెలుపే కనిపిస్తే పసుపు ప్లాస్టిక్‌లా చప్పగా వస్తుంది. బటర్ పేపర్‌ను గొట్టంలా చుట్టి నగ చుట్టూ నిలబెట్టి, బయటినుంచి వెలుగు వేసి, లోపల ఒక వైపు సన్నటి నల్లకాగితం పట్టీ ఉంచండి. ఆ నలుపు వంపుల్లో గీతలా ప్రతిఫలించి ఆకారాన్ని నిలబెడుతుంది. రాళ్లు మెరవాలంటే మాత్రం కాగితం అడ్డంలేని ఒక చిన్న టార్చి వెలుగు అదనంగా కావాలి.

తపాలా బిళ్లలు వీటన్నిటికంటే సులువు. రెండు పక్కల నుంచి 45 డిగ్రీల్లో సమానమైన వెలుగు వేస్తే చాలు.

కంప్యూటర్ దగ్గర

ఇక్కడ చేసే పని తక్కువగా ఉండాలి. నేపథ్యం సర్ది చతురస్రంగా కత్తిరించడం, బొమ్మ నిటారుగా ఉండేలా తిప్పడం, వెలుగు కొద్దిగా సర్దడం, చివర కావలసిన పరిమాణానికి తగ్గించాక పదును కొంచెం పెంచడం. నాణెం మీది గీతను చెరిపేయకండి. ఆ గీత ఆ నాణేనికి సంబంధించిన సమాచారం, కొనేవాళ్లకీ చదువుకునేవాళ్లకీ అది కావాలి.

బొమ్మ, బొరుసు రెండూ ఒకే ఫైలులో పక్కపక్కన అతికించి ఉంచుకుంటే వెతకడం తేలిక. ఒక ఫొటోలో మిల్లీమీటర్ల స్కేలు కూడా నాణెం ఎత్తులోనే పెట్టి తీయండి. ఫైలు పేరులో పాలకుడు, సంవత్సరం, బరువు, టంకశాల రాయండి. స్వతంత్ర భారత నాణేల్లో టంకశాల గుర్తు సాధారణంగా సంవత్సరం కింద ఉంటుంది: హైదరాబాద్‌కి నక్షత్రం, ముంబైకి డైమండ్, నోయిడాకి చుక్క, కోల్‌కతాకి ఏ గుర్తూ ఉండదు. సాధన చేయడానికి ఇంతకంటే మంచి వస్తువు దొరకదు. ఇంట్లో చిల్లర డబ్బాలోంచి నక్షత్రం ఉన్న బిళ్ల ఒకటి వెతికి, ఆ నక్షత్రం ఐదు కొనలూ విడివిడిగా కనిపించేదాకా తీయండి.

పని అయ్యాక నాణేన్ని మళ్లీ పాత గుడ్డసంచిలో పడేయకండి, ఒకదానికొకటి రాసుకుంటాయి. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్లు కూడా వద్దు, కొన్నేళ్లకు వాటినుంచి వచ్చే జిగురు లోహం మీద పచ్చగా పడుతుంది. ఆమ్లం లేని చిన్న కాగితపు కవర్లు నాణేల దుకాణాల్లో దొరుకుతాయి. ఒక్కో నాణేనికి ఒక్కో కవరు, దాని మీద ఫైలు పేరు. మా చార్మినార్ రూపాయి కవరు మీద పెన్సిల్‌తో 'మహబూబ్ అలీ, గుమ్మంలో మీమ్' అని రాసి పెట్టాను.